నన్నే సాహెబ్ పైషడ్జం

పొదిలిలో నన్నే సాహెబ్ ఇంట్లో మనుషులు ఇద్దరు, నాదస్వరాలు ఏడు. కూతుళ్లిద్దరూ కాపురాలకు వెళ్లాక ఇల్లు బోసిపోయిందని భార్య జానీబీ ఒకసారి అన్నది. ఆ బోసితనం పోగొట్టే పని ఆయన తన పద్ధతిలో మొదలుపెట్టాడు. గోడకు మేకు కొట్టడం, గుడ్డసంచిలో దూర్చిన నాదస్వరాన్ని దానికి తగిలించడం, రెండడుగులు వెనక్కి వేసి తృప్తిగా చూసుకోవడం. ఏడో మేకు కొడుతుంటే మట్టిగోడ పెచ్చు ఊడి కాళ్ల మీద పడింది. అప్పుడు కూడా ఆయన చూసింది నాదస్వరానికి దెబ్బ తగిలిందేమోనని.

ఒక్కోదానికి ఒక్కో కారణం ఉండేది. మొదటిది తండ్రిది, దాన్ని ఎవరూ ఏమీ అనలేరు. ఒకటి ఎండాకాలంలో బాగా పలుకుతుంది, ఒకటి ముసురు రోజుల్లో. చీరాలలో ఒక ముసలి విద్వాంసుడి దగ్గర కొన్నది పొద్దుటి రాగాలకు తప్ప పనికిరాదు. మరి పొద్దుటి రాగాలకు మాత్రం ఒకటి ఉండొద్దా? ఇవన్నీ జానీబీ నోరు తెరవక ముందే ఆయన చెప్పేసేవాడు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పే మగవాణ్ణి చూస్తే ఏ ఇల్లాలికైనా అనుమానం రాకుండా ఉంటుందా? ఐదోదాన్ని ఆయన పత్తికట్టె మోపులో దాచి బండి మీద ఇంటికి చేర్చాడు. పొయ్యిలోకి మోపు విప్పిన జానీబీకి గరుకు పుల్లల మధ్య నున్నటి నల్లకర్ర చేతికి తగిలింది. దీన్ని పొయ్యిలో పెట్టాలా, గోడకు పెట్టాలా అని ఆమె అడిగితే ఆయన మేకు వెతుక్కున్నాడు.

ఈ పిచ్చితో అందరికన్నా ఎక్కువ నలిగిపోయింది జానీబీ తమ్ముడు అల్లాబక్షు. నాదస్వరం జోడుగా వాయించే వాద్యం. ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒకే పాట వాయించాలి. ఒకడు ఊపిరి తీసుకునేటప్పుడు పాట తెగకుండా రెండోవాడు అందుకోవాలి. అల్లాబక్షు పదహారేళ్లుగా బావకు జోడు. ఇక్కడే వచ్చింది చిక్కు. నాదస్వరం శ్రుతి దాని కర్రలోనే ఉంటుంది. పొడుగుదైతే శ్రుతి దిగుతుంది, పొట్టిదైతే ఎక్కుతుంది, మర తిప్పి మార్చుకునే వీల్లేదు. బావ కొత్తది కొన్నప్పుడల్లా దానితో కలిసేది ఇంకోటి బావమరిదికి కావాలి. పాపం అల్లాబక్షు బాపట్ల అనీ ఒంగోలు అనీ తిరిగి, ఎవరినో బతిమాలి ఎరువు తెచ్చుకుని, నోట్లో పెట్టుకుని ఊదే పీకలు సన్నగా చెక్కుకుని, ఎలాగో కలుపుకునేవాడు. ఒక్కనాడూ ఇదేంటి బావా అన్నవాడు కాదు.

ఇదంతా నవ్వుకుంటూ చెప్పుకోవచ్చు. చివరి మూడు నాదస్వరాల సంగతి మాత్రం నవ్వులాట కాదు. వాటి వెనక ఒక పన్ను ఉంది.

ఎడమవైపు పైన, కోరపన్నుకు అవతలది. రెండేళ్ల కిందట మిరపకోతల రోజుల్లో అది సలపడం మొదలుపెట్టింది. నాదస్వరం ఊరికే ఊదితే పలికేది కాదు. బుగ్గలు బిగించి, పెదవులతో పీకను నొక్కిపట్టి, పొట్టలోంచి గాలి తోయాలి. పైకి వెళ్లేకొద్దీ ఆ నొక్కు పెరగాలి. నన్నే సాహెబ్ పేరంతా పైషడ్జం మీదే నిలబడింది. రాగాన్ని మెట్టు మెట్టుగా ఎక్కించి, ఊరించి, చివరకు ఆ పై స్వరం మీద నిలబెట్టాడంటే పందిట్లో తాంబూలం నములుతున్నవాళ్లు నమలడం మానేసి తలెత్తేవాళ్లు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి పన్ను పీకి పాకం పెడుతోంది. పెదవి సడలుతుంది, స్వరం తుస్సుమంటుంది.

పన్ను సంగతి నన్నే సాహెబ్‌కు తెలుసు. తెలియనట్టు ఉండాలని తీర్మానించుకున్నాడు, అంతే. ఆయన తండ్రి ఈ జిల్లాల్లో పేరున్న విద్వాంసుడు. యాభై రెండేళ్లకు ముందుపళ్లు రెండూ ఊడిపోయాయి. పెదవికి ఆనిక లేక పీక నిలిచేది కాదు. ఆ ఏడాది నాదస్వరం గోడకెక్కింది, ఆయన అరుగు దిగలేదు. కొడుకు లోపల సాధన చేస్తుంటే ముసలాయన బయట కూర్చుని చేతికర్రను నిలువుగా పట్టుకుని దాని మీద వేళ్లు ఆడిస్తూ ఉండేవాడు. పదకొండేళ్లు అలా కర్ర వాయించి పోయాడు. నన్నే సాహెబ్‌కు ఇప్పుడు నలభై తొమ్మిది. పన్ను అన్న మాట వింటే ఆయనకు ఆ చేతికర్ర కళ్లముందు ఆడేది. అందుకని నొప్పికి లవంగం, స్వరానికి కొత్త నాదస్వరం, ఇవీ ఆయన చేసుకున్న వైద్యాలు.

విచిత్రమేమిటంటే ఆ రెండో వైద్యం పనిచేస్తున్నట్టే కనబడింది. ఇంట్లో ఒంటరిగా సాధన చేసుకుంటే పైషడ్జం నిలిచేది కాదు. అదే పెళ్లిపందిట్లో అల్లాబక్షు పక్కన కూర్చుని వాయిస్తే ఖంగుమని నిలిచేది. మామూలు మనిషి అయితే ఇందులో ఏదో తిరకాసు ఉందని ఆలోచించేవాడు. ఈయన సంగీత విద్వాంసుడు. ఈ కర్రకు పందిరి గాలి కావాలి, నలుగురి వేడి తగిలితే గానీ గొంతు విప్పదు అని తేల్చాడు. అలాంటప్పుడు ఇంట్లోనూ పందిట్లోనూ ఒకేలా పలికే కర్ర ఎక్కడో ఉండే ఉంటుంది కదా, దాన్ని పట్టుకుంటే సరి అనుకున్నాడు. అలా ఐదోది వచ్చింది, ఆరోది వచ్చింది.

ఏడోదాని కోసం ఏకంగా అరవదేశం వెళ్లాడు. నాగార్జునసాగర్ డ్యాం పని జోరుగా సాగుతున్న రోజులవి. ఊళ్లో కుర్రాళ్లంతా రాతిపనికి అటు పోతుంటే ఈయన తంజావూరు వైపు రైలెక్కాడు. వారం తర్వాత వచ్చినప్పుడు చేతిలో ఉన్నది చూసి జానీబీ తలుపు పూర్తిగా తెరవాల్సి వచ్చింది. అంత పొడుగు. పాడుబడిన పెద్ద ఇంటి దూలం కోసి చేసిందట, వందేళ్ల కర్రట, శ్రుతి బాగా కిందికి ఉంటుందట, పైకి వెళ్లడం మెట్లెక్కినంత సులువట. అల్లాబక్షు దాని శ్రుతి ఒకసారి విని ముఖం వేలాడేశాడు. అంత కింది శ్రుతిది ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదు. పెదనందిపాడు దగ్గర బాపయ్య గారి కూతురి పెళ్లి నాలుగు రోజుల్లో ఉంది. ఈ ఒక్క పెళ్లికి పాతదే పట్టుకెళదాం బావా అని బతిమాలాడు. నన్నే సాహెబ్ వినలేదు. ఈ పూటకు నువ్వు తాళం వేయి, నేనొక్కణ్ణే వాయిస్తా అన్నాడు. అల్లాబక్షు ఇంకో రెండుసార్లు బతిమాలి, చివరకు తాళాలు సంచిలో వేసుకున్నాడు.

బాపయ్య గారు మిరప, పత్తి పండించే పెద్ద రైతు. ఇంటి వెనక కళ్లంలో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి, పందిట్లోకి వచ్చిన ప్రతి గాలికీ ఎవరో ఒకరు తుమ్ముతున్నారు. ముహూర్తం పదకొండింటికి. దానికి ముందు గంటసేపు మేళం వినడానికి ఊరి పెద్దలంతా ముందు వరసలో చేరారు. డోలు పిచ్చయ్యది. శ్రుతిపెట్టె మోగుతోంది. అల్లాబక్షు చేతిలో తాళాలున్నాయి.

నన్నే సాహెబ్ కల్యాణి రాగం ఎత్తుకున్నాడు. నిజం చెప్పాలి, కొత్త నాదస్వరం కింది స్వరాల్లో అద్భుతంగా పలికింది. జనం బాగుంది బాగుంది అన్నట్టు తలలూపుతుంటే ఆయనకు ఒళ్లు పులకరించింది. ఎక్కాడు. ఇంకా ఎక్కాడు. ఊరించాడు. ముందు వరసలో వాళ్లు చేతుల్లో తమలపాకులు అలాగే పట్టుకుని చూస్తున్నారు. పైషడ్జం అందుకున్నాడు. పంటినుంచి కణత దాకా మెరుపు కొట్టినట్టయింది. నాదస్వరంలోంచి గాలి వచ్చింది, స్వరం రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. ఈసారి కీచుమని విరిగింది. ఒకరిద్దరు తలలు దించుకున్నారు. వాళ్లు నవ్వినా బాగుండేది. పిచ్చయ్య గబగబా డోలు మీద పెద్ద ముక్తాయింపు వేసి ఆ చోటు మూసేశాడు. అల్లాబక్షు తాళాలు కొట్టడం మరిచిపోయి బావ పెదవులనే చూస్తున్నాడు. తర్వాత ముహూర్తం దాకా నన్నే సాహెబ్ పై స్థాయి జోలికి పోలేదు. బాపయ్య గారు పెద్దమనిషి, మర్యాదలో ఏ లోటూ చేయలేదు. ఆ మర్యాదే నన్నే సాహెబ్‌కు ముద్ద దిగనివ్వలేదు.

సాయంత్రం బస్సు కోసం రోడ్డు పక్కన కూర్చున్నప్పుడు నన్నే సాహెబ్ అరగంట సేపు మాట్లాడాడు. మిరపకాయల ఘాటు కర్రలోకి దిగిందన్నాడు. అరవదేశంలో మిరపకళ్లాలు ఉండవు కాబట్టి దానికి అలవాటు లేదన్నాడు. పక్కన ఇంకోటి చూశాను, అది తేవాల్సింది, వచ్చే వారం వెళ్లి మార్చుకొస్తానన్నాడు. పిచ్చయ్య డోలుకు గుడ్డ చుట్టుకుంటూ అటు తిరిగాడు. అల్లాబక్షు నేల వంక చూస్తూ అన్నాడు.

"బావా, ఇంకోటి తేవొద్దు."

"ఏం? ఎందుకు తేవొద్దు?"

"తెచ్చినా పైషడ్జం రాదు. నువ్వు పైషడ్జం వాయించి రెండేళ్లయింది."

నన్నే సాహెబ్‌కు ముందు అర్థం కాలేదు. మొన్న సంక్రాంతికి ముందు దర్శిలో వాయించింది ఏంటి, కిందటేడు వినుకొండలో వాయించింది ఏంటి అని గట్టిగా అడిగాడు.

"అది నేను వాయించా. అన్నిచోట్లా నేనే. నువ్వు పైకి పోతున్నావనంగానే నాకు తెలిసిపోద్ది, నీ ఎడమ కన్ను మూసుకుపోద్ది. అప్పుడు నేను అందుకుంటున్నా. నీ పీకలో గాలి తప్ప ఏం ఉండట్లా. రెండూ ఒకే శ్రుతి గదా, ఎవురిదో ఎవురికి తెలుస్తది? నీక్కూడా తెలవలా."

పత్తిబళ్లు రెండు వాళ్ల ముందు నుంచి వెళ్లాయి. నన్నే సాహెబ్‌కు చెవులు వేడెక్కాయి. అల్లాబక్షును కొట్టాలనిపించింది. మరుక్షణం వాడి కాళ్లు పట్టుకోవాలనిపించింది. పందిరి గాలి అనుకున్నది వీడి ఊపిరి. రెండేళ్లుగా ఊళ్లు తలలూపింది వీడి స్వరానికి. తను శాలువాలు కప్పించుకుంటూ ఉంటే వీడు పక్కన నాదస్వరం తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదురా?"

"చెబితే పన్ను సంగతి ఎత్తాలి. పన్ను అంటే నీకు మీ నాయన గుర్తొస్తాడు. ఎట్టా చెప్పేది?"

బస్సు వచ్చింది. ఇంటికి రాగానే నన్నే సాహెబ్ ఆ పొడుగుపాటి నాదస్వరాన్ని మేకుకు తగిలించకుండా మూలన ఆనించి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. జానీబీ తమ్ముణ్ణి అడిగి సంగతంతా రాబట్టింది. తెల్లారి ఆమె చీర మార్చుకుని, సంచిలో రెండు రొట్టెలూ ఆయన పీకల డబ్బీ పెట్టుకుని వాకిట్లో నిలబడింది. ఎక్కడికని ఆయన అడిగాడు. గుంటూరుకు అన్నది. నేను రానన్నాడు. నువ్వు రాకపోతే నీ పన్ను నేనే రుబ్బురోలు పొత్రంతో తీస్తానన్నది. ఆమె అన్నమాట చేసే మనిషి అని పాతికేళ్ల కాపురంలో ఆయనకు బాగా తెలుసు.

బ్రాడీపేటలో పళ్ల డాక్టరు ఏసోబు గారు నిదానస్తుడు. నోరు తెరిపించి అద్దం పెట్టి చూసి, ఎన్నాళ్లుగా ఉంది ఇది అని మెల్లగా మందలించాడు. ఈయన నాదస్వరం వాయిస్తారని జానీబీ చెబితే ఆసక్తిగా కుర్చీ ముందుకు లాక్కుని, పీక ఎక్కడ ఆనుతుందో పెట్టి చూపించమన్నాడు. నన్నే సాహెబ్ డబ్బీలోంచి పీక తీసి పెదవుల మధ్య పెట్టాడు. డాక్టరు అటూ ఇటూ వంగి చూశాడు. పీక ఆనేది ముందుపళ్ల దగ్గర, చెడింది పక్కది. దాన్ని ఉంచితే చీము పక్కపళ్ల వేళ్లలోకి దిగుతుందని, ఒకటి ఒకటిగా ముందువి కూడా కదులుతాయని చెప్పాడు.

ఆ మాటకు నన్నే సాహెబ్ ఉలిక్కిపడ్డాడు. తండ్రి ముందుపళ్లు ఊడకముందు మూడు నాలుగేళ్లు ఎడమబుగ్గను అరచేత్తో పట్టుకుని తిరిగేవాడు. ఇంట్లో అందరికీ ముందుపళ్లు ఊడటమే గుర్తుంది, ఆ అరచేయి ఎవరికీ గుర్తులేదు. తను ఇన్నాళ్లూ తండ్రి గతి పట్టకూడదని భయపడి, తండ్రి నడిచిన దారిలోనే నడుస్తున్నాడు.

"తీసేయండి," అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "తీశాక వాయించగలనాండి?"

"అబద్ధం చెప్పి పంపటం నాకు చేతకాదండి," అన్నాడు డాక్టరు. "ముందుపళ్లు నిలుస్తయ్యని మాత్రం చెప్పగలను. బుగ్గ పట్టు మారుద్ది గదా, స్వరం సంగతి మీరే చూసుకోవాల. నెలరోజులు మాత్రం పీక ముట్టుకోవద్దు."

పన్ను తీయడానికి పట్టింది పది నిమిషాలు. నెలరోజులు గడవడానికి పట్టింది ఒక యుగం. మొదటివారం వాపు తగ్గింది. రెండోవారానికి నొప్పి పూర్తిగా పోయింది, అయినా ఆయనకు సంతోషం కలగలేదు. నాలుకతో ఆ ఖాళీని తడుముకుంటూ అక్కడినుంచి గాలి పోతుందేమోనని బుగ్గలు ఉబ్బించి చూసుకునేవాడు. జానీబీ చూస్తే దగ్గు నటించేవాడు. ఒకరోజు ఏమీ తోచక వాకిట్లో కూర్చుని ఉన్నాడు. చేతిలోని విసనకర్ర కాడ మీద తన వేళ్లు ఆడుతున్నట్టు గమనించాడు. దాన్ని అవతలకు విసిరేసి ఊరంతా ఒక చుట్టు తిరిగివచ్చాడు. శ్రీరామనవమి దగ్గర పడుతోంది. పొదిలిలో రాములవారి కల్యాణానికి మూడు తరాలుగా వీళ్ల ఇంటి మేళమే. ఈసారి ఎవరినైనా చూసుకోమని కబురు పెట్టాలా వద్దా అన్నది తేలడం లేదు.

నెల దాటిన మూడోరోజు పొద్దున్నే అల్లాబక్షు తన నాదస్వరం తీసుకుని వచ్చాడు. అక్కా, వాటిల్లో నాలుగోది అందివ్వు అన్నాడు, దానితో కలిసేదే అతను తెచ్చాడు. నన్నే సాహెబ్ అది ఏదని చూడలేదు, ఎందుకది అని అడగలేదు. ఈ ఇంట్లో అలాంటి వింత అంతకుముందు జరగలేదు. ఇద్దరూ చాప మీద కూర్చున్నారు. ఆయన పీక తడిపి, తుడిచి, మళ్లీ తడిపాడు. జానీబీ చేటలో మిరపకాయలకు తొడాలు తీస్తున్నట్టు గుమ్మంలో కూర్చుంది. ఆమె ఒక్క కాయకూ తొడిమ తీయడం లేదు.

కల్యాణి మొదలుపెట్టారు. కింది స్వరాలు తిన్నగానే వచ్చాయి. మధ్యస్థాయిలో బుగ్గ కొత్తగా అనిపించింది, కొత్త చెప్పుల్లో నడిచినట్టు. సర్దుకున్నాడు. పైకి ఎక్కి, పైషడ్జానికి ఒక్క మెట్టు కిందుండే నిషాదం దగ్గరకు వచ్చి ఆగిపోయాడు. అక్కడే తచ్చాడాడు, కిందికి దిగాడు, మళ్లీ అక్కడికే వచ్చాడు. పక్కన అల్లాబక్షు ఛాతీ పొంగడం ఓరగా కనిపించింది. వాడు అలవాటుగా అందుకోవడానికి ఊపిరి పట్టి సిద్ధంగా ఉన్నాడు. నన్నే సాహెబ్ పీక నోట్లోంచి తీశాడు.

"నువ్వు అందుకోవద్దురా. పోతే పోనీ. నాకు తెలియాల."

అల్లాబక్షు నాదస్వరం ఒళ్లో పెట్టుకున్నాడు. నన్నే సాహెబ్ కళ్లు మూసుకుని మళ్లీ కింది నుంచి ఎత్తుకున్నాడు. నిషాదం దాకా వచ్చాడు. ఇక ఆగలేదు. పెదవి నొక్కాడు. మెరుపు కోసం ఒళ్లంతా బిగుసుకుంది, అది రాలేదు. పన్ను ఉన్న చోట చల్లగా కాస్త గాలి తగిలింది, అంతే. పైషడ్జం వచ్చింది. మొదట సన్నగా, కొద్దిగా బెరుకుగా వచ్చింది. తర్వాత నిండింది. నిండి నిలిచింది. ఆయన దాన్ని వదల్లేదు, ఊపిరి ఉన్నంతసేపూ పట్టుకున్నాడు. మూసిన కళ్లలోంచి నీళ్లు బుగ్గల మీదుగా కారుతుంటే తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. ఇది నాది, ఇది నేనే వాయిస్తున్నా అని లోపల ఎవరో చిన్నపిల్లాడిలా గంతులేస్తున్నారు. రెండేళ్లుగా గుండెల మీద కూర్చున్న బరువు ఎప్పుడు దిగిపోయిందో కూడా తెలియలేదు.

ఆపి చూసేసరికి జానీబీ చేట పక్కన పెట్టి కొంగుతో ముఖం కప్పుకుంది. అల్లాబక్షు చాప మీద వెనక్కి వాలిపోయి, పెద్ద మూట దించుకున్న కూలివాడిలా చేతులు చాచి, ఇంటి కప్పు వంక చూస్తూ నవ్వుతున్నాడు.

"ఏరా, అట్టా పడిపోయావే?"

"రెండేళ్లుగా నీ కోసం ఊపిరి దాచిపెట్టుకుంటున్నా బావా. ఎక్కడ అందుకోవాలో అని కాచుకు కూర్చోటమే గానీ, నా పాట నేను ఒక్కసారన్నా వాయించుకోలా. ఇప్పుడు వాయించుకోనా?"

నన్నే సాహెబ్ బావమరిది వంక చూశాడు. ఈ రెండేళ్లలో ఏడు నాదస్వరాల గొంతు విన్నాడు, పక్కనున్న మనిషి గొంతు వినలేదు. వాయించరా అని తల ఊపాడు.

అల్లాబక్షు లేచి కూర్చుని పీక సర్దుకున్నాడు. అతను ఎత్తుకున్న కల్యాణి బావది కాదు, అతనిదే. మలుపు మలుపుకూ కొత్తగా ఉంది. నన్నే సాహెబ్ తన నాదస్వరం పెదవులకు ఆనించి అతనికి శ్రుతిగా కింది షడ్జం పట్టుకున్నాడు. బావమరిది ఎంతసేపు వాయిస్తే అంతసేపూ అది తెగకుండా పట్టుకుని కూర్చున్నాడు.